భారీ సరకు కిరాయి: కొలత దూరానిదా, కాలానిదా?

వస్తు సేవల పన్ను నిబంధనల ప్రకారం సరకు వెంట ఉండవలసిన ఇ-వే బిల్లుకు ఒక గడువు ఉంటుంది. సాధారణ సరకు అయితే ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు వంతున ఆ గడువును లెక్కిస్తారు. 2021 జనవరికి పూర్వం ఈ దూరం 100 కిలోమీటర్లుగా ఉండేది. కాని అదే నిబంధనలో మరో పంక్తి ఉంది. నిర్ణీత కొలతలను మించిన భారీ సరకుకు, అంటే రవాణా వర్గాలు ఓ.డి.సి. అని వ్యవహరించే సరకుకు, ప్రతి 20 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. 2021లో సాధారణ సరకు దూరాన్ని రెట్టింపు చేసినప్పుడు కూడా ఈ అంకె మారలేదు. మామూలు లారీ ఒక్క రోజులో పోగల దూరానికి ఈ సరకుకు పది రోజులు పట్టవచ్చునని ప్రభుత్వమే తన పన్ను నిబంధనలలో అంగీకరించిందన్న మాట.

పన్నుల శాఖ గుర్తించిన ఈ సత్యాన్ని సరకు పంపే సంస్థల టెండరు పత్రాలు మాత్రం తరచు విస్మరిస్తున్నాయి. ఫలానా కర్మాగారం నుంచి ఫలానా సబ్‌స్టేషన్ వరకు ఇంత బరువు, ఇంత దూరం, మొత్తం మీద ఎంతకు తీసుకుపోతారు అని ఒకే ఒక్క అంకె అడుగుతారు. ఎవరి అంకె తక్కువైతే వారికే పని. దారిలో ఎన్ని రోజులు ఆగవలసి వస్తుందో, ఎవరి మూలంగా ఆగవలసి వస్తుందో, ఆ రోజుల ఖర్చు ఎవరు భరించాలో ఆ అంకెలో కనిపించదు. భారీ సరకు కిరాయిల విషయంలో ఏళ్ల తరబడి వినవస్తున్న వివాదాలకు మూలం ఇక్కడే ఉన్నది.

ఓ.డి.సి. అంటే ఏమిటో కొంత వివరించుకోవలసి ఉంది. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డుపై తిరిగే వాహనం వెడల్పు 2.6 మీటర్లు మించరాదు. అనుమతించిన మొత్తం బరువు గరిష్ఠ పరిమితి 2018 జులై వరకు 49 టన్నులు కాగా అప్పటి ఇరుసు భారాల పెంపుతో అది 55 టన్నులకు చేరింది. విద్యుత్ కేంద్రాల ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్ల స్టేటర్లు, చమురుశుద్ధి కర్మాగారాల రియాక్టర్లు, గాలిమరల రెక్కలు వంటివి ఈ కొలతలలో ఇమడవు. వీటిని విడదీసి పంపడం సాధ్యం కాదు. అందువల్ల పదుల సంఖ్యలో ఇరుసు వరుసలు ఉండి, బరువును అన్ని చక్రాలకూ సమంగా పంచే హైడ్రాలిక్ మాడ్యులర్ ట్రెయిలర్లపై వీటిని తరలిస్తారు. ముందు లాగే ప్రైమ్ మూవర్ ఒకటి, ఘాట్ రోడ్లయితే వెనుక నుంచి నెట్టేది మరొకటి, ముందూ వెనుకా పైలట్ వాహనాలు, కరెంటు తీగలు ఎత్తిపట్టే మనుషులు, క్లీనర్లు, మెకానిక్‌లు, వంటమనిషి: అదొక చిన్న గ్రామం కదిలిపోతున్నట్లుంటుంది. రోడ్డు పక్కన వారాల తరబడి నిలిచిపోయిన ఇటువంటి వాహనాన్ని హైదరాబాదు-నాగపూర్ రహదారి మీదనో, విశాఖ రేవు నుంచి బయలుదేరే దారులలోనో చూడనివారు అరుదు.

సాధారణ సరకు విషయంలో టన్ను-కిలోమీటరు లెక్క న్యాయమైన కొలతే. సిమెంటు, బొగ్గు, ధాన్యం వంటివి ఎంత బరువు ఎంత దూరం పోతే అంత ఖర్చు. అక్కడ వివాదం అంకె మీదనే గాని కొలమానం మీద కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని దార్లాఘాట్, బర్మానాలలో 2022 డిసెంబరు నడుమ రెండు సిమెంటు కర్మాగారాలు మూతపడి, లారీ యజమానులకు, యాజమాన్యానికి మధ్య రెండు నెలలకు పైగా ప్రతిష్టంభన సాగింది. 2023 ఫిబ్రవరి 20న రాష్ట్ర ప్రభుత్వ జోక్యంతో కుదిరిన ఒప్పందంలో చిన్న లారీలకు టన్ను-కిలోమీటరుకు రూ. 10.30, ఎక్కువ ఇరుసుల లారీలకు రూ. 9.30 నిర్ణయమయింది. రేటుపై అంత పోరాటం జరిగినా ఉభయ పక్షాలూ ఒకే తక్కెడలో తూచుకున్నారు. భారీ సరకుకు ఆ తక్కెడే పనికిరాదు.

తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి మహారాష్ట్ర నుంచి తరలించిన ఆటోక్లేవ్ యంత్రం ఉదంతం ఇందుకు నిదర్శనం. దాని బరువు 70 టన్నులే. భారీ సరకుల జాబితాలో అది పెద్ద బరువు కాదు. కాని దాని ఎత్తు 7.5 మీటర్లు, వెడల్పు 6.65 మీటర్లు. నాలుగు వరుసల రహదారులపై అండర్‌పాస్‌లను సాధారణంగా 5.5 మీటర్ల ఎత్తు వదిలి నిర్మిస్తారు కనుక ఎదురైన ప్రతి వంతెన కింద నుంచీ అది పోజాలదు. 74 చక్రాల వాహనంపై 2019 జులైలో బయలుదేరిన ఆ యంత్రం సుమారు 1,700 కిలోమీటర్లు ప్రయాణించి 2020 జులైలో గమ్యం చేరింది. అంటే సగటున రోజుకు అయిదు కిలోమీటర్లయినా లేదు. లాక్‌డౌన్ కాలంలో ఒక నెల పాటు ఆంధ్రప్రదేశ్‌లోనే నిలిచిపోయింది. దాని వెంట సుమారు 30 మంది సిబ్బంది ఉన్నారు. ఈ ప్రయాణానికి టన్ను-కిలోమీటరు లెక్కన కిరాయి కడితే ఆ 30 మంది ఏడాది భోజనాల ఖర్చుకైనా చాలునా అన్నది సందేహమే.

రవాణాదారు ఖర్చులు రెండు విధాలు. మొదటిది చక్రం తిరిగితేనే అయ్యే ఖర్చు: డీజిలు, టైర్లు, టోలు. రెండవది తిరిగినా తిరగకపోయినా అయ్యే ఖర్చు: ట్రెయిలర్ కొనుగోలుకు తీసుకున్న అప్పు వాయిదా, బీమా, పన్ను, సిబ్బంది జీతబత్తాలు. మామూలు లారీకి మొదటిదే ప్రధానం. ఓ.డి.సి. వాహనానికి రెండవది ప్రధానం. ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. నిలకడ ఖర్చు రోజుకు రూ. 60 వేలు అనుకుందాం. 20 రోజులలో పని పూర్తవుతుందన్న అంచనాతో అది రూ. 12 లక్షలు. డీజిలు వగైరా మరో రూ. 8 లక్షలు. వెరసి 20 లక్షలు. దానిపై పదవ వంతు లాభంతో రూ. 22 లక్షలకు టెండరు వేశాడు. దారిలో ఒక వంతెన అనుమతి రాక 15 రోజులు ఆగవలసి వచ్చింది. అదనపు ఖర్చు రూ. 9 లక్షలు. మొత్తం ఖర్చు 29 లక్షలు కాగా చేతికి వచ్చేది 22 లక్షలే. రెండు లక్షల లాభం ఆశించినవాడు ఏడు లక్షలు పోగొట్టుకున్నాడు.

అనుభవజ్ఞుడైన రవాణాదారు ఈ 15 రోజులను ముందే ఊహిస్తాడు. అతడు తన అంచనాలో దానిని కలుపుకొని సుమారు 32 లక్షలు కోట్ చేస్తాడు. పని అతడికి దక్కదు. 22 లక్షలకు పని దక్కించుకునేవాడు ఎవరు? ఒకటి, లెక్క తెలియనివాడు. రెండు, లెక్క తెలిసి కూడా అనుమతి కోసం ఆగే ఉద్దేశం లేనివాడు. బరువును కాగితంపై తగ్గించి చూపడం, తక్కువ ఇరుసుల ట్రెయిలర్ వాడడం, పరిశీలన లేకుండా రాత్రివేళ వంతెన దాటించడం వంటి అవాంఛనీయ పద్ధతులకు ప్రోత్సాహం ఇక్కడి నుంచే లభిస్తున్నది. తక్కువ ధర కోట్ చేసినవారికే పని అన్న సూత్రం బల్లలూ కుర్చీలూ కొనడానికి సరిపోవచ్చు. 200 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను ఏనాటిదో తెలియని వంతెన మీదుగా దాటించే పనికి అదే సూత్రం వర్తింపజేయడం ప్రమాదభరితం.

2022 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లో ఇటార్సీ సమీపాన సుఖ్‌తవా నదిపై బ్రిటిష్ కాలపు వంతెన కూలిపోయింది. 138 చక్రాల ట్రెయిలర్ ఒకటి హైదరాబాదు నుంచి ఇటార్సీలోని పవర్‌గ్రిడ్ కేంద్రానికి భారీ యంత్రాన్ని తీసుకుపోతూ ఆ వంతెన మీదికి వచ్చినప్పుడు ఈ దుర్ఘటన సంభవించినట్లు అప్పటి వార్తలు తెలిపాయి. భోపాల్-నాగపూర్ జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. వంతెన కట్టిన ఖర్చు, దారి మళ్లిన వేలాది వాహనాల డీజిలు, ప్రజల కాలహరణం: ఇవేవీ ఏ కిరాయి ఒప్పందంలోనూ కనిపించని పద్దులు. ఆ ఒక్క ఘటనలో తప్పు ఎవరిదన్నది వేరు విషయం. ఇటువంటి నష్టం సంభవిస్తే భరించేది చివరకు ప్రజల ఖజానాయే అన్నది మాత్రం నిర్వివాదం.

రోడ్డుకు కలిగే నష్టానికి భారీ వాహనాలు తగిన మూల్యం చెల్లిస్తున్నాయా అన్న ప్రశ్న కూడా ఇక్కడ ఉత్పన్నమవుతుంది. సామాన్య పాఠకునికి దీనిపై ఉన్న అభిప్రాయం సగం నిజం. 1958-60లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో జరిగిన ప్రసిద్ధమైన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు గ్రహించిన సూత్రం ఒకటి ఉంది. రోడ్డు పొరలకు కలిగే నష్టం ఇరుసు మీది బరువుకు దాదాపు నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు భారం 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు. అంటే మొత్తం బరువు కన్నా ఒక్కొక్క ఇరుసు మోసే బరువే ముఖ్యం. ప్రస్తుత నిబంధనల ప్రకారం నాలుగు టైర్ల ఇరుసు 11.5 టన్నులు మోయవచ్చు. టైరుకు 2.9 టన్నులు పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల రూపకల్పనకు నిర్దేశించిన 385 టన్నుల ప్రత్యేక వాహనంలో ట్రెయిలర్‌కు 20 ఇరుసు వరుసలు, ఒక్కొక్క వరుసకు 18 టన్నులు. వరుసకు 8 టైర్ల లెక్కన టైరుకు 2.25 టన్నులే. చూడడానికి భయంకరంగా ఉన్నా ఈ వాహనం, అధిక లోడుతో పోయే ఇసుక లారీ కన్నా రోడ్డు పొరలకు తక్కువ హాని చేస్తుంది.

వంతెన సంగతి పూర్తిగా భిన్నం. అక్కడ టైరు కాదు, ఒక్కసారిగా ఎంత బరువు దూలాల మీదికి వచ్చిందన్నదే ప్రశ్న. 360 టన్నులు సుమారు 30 మీటర్ల పొడవులో వచ్చి కూర్చుంటాయి. అందుకే అటువంటి వాహనం వంతెనను దాటేటప్పుడు గంటకు 5 కిలోమీటర్ల వేగం మించరాదని, రోడ్డు నడిమధ్య గీతకు 300 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరగరాదని, ఆ సమయంలో వంతెనపై మరే వాహనం ఉండరాదని రోడ్స్ కాంగ్రెస్ నియమావళి చెబుతున్నది. ఈ నియమం పాటించాలంటే పోలీసులు ఉండాలి, ఇంజనీరు ఉండాలి, ఇరువైపులా వాహనాలను ఆపాలి. దీనికి ఖర్చు ఉంది, కాలం ఉంది.

జాతీయ రహదారుల టోలు విధానంలో ఈ వివేచన కనిపించదు. 2008 నాటి నిబంధనలలో నాలుగు వరుసల రహదారికి 2007-08 ప్రాతిపదిక రేటు కిలోమీటరుకు కారుకు 65 పైసలు, రెండు ఇరుసుల లారీకి రూ. 2.20, నాలుగు నుంచి ఆరు ఇరుసుల వాహనాలకు రూ. 3.45, ఏడు అంతకు మించిన ఇరుసులు ఉన్నవాటికి రూ. 4.20. ఆ తర్వాత ఏటా పెరిగినా తరగతులు ఇవే. ఏడు ఇరుసుల వాహనానికీ, ఇరవై ఇరుసుల వాహనానికీ ఒకే టోలు. ఈ రేటు రోడ్డు పొరల దృష్ట్యా అన్యాయమేమీ కాదు. వంతెనల దృష్ట్యా మాత్రం సరుకు యజమాని చెల్లించవలసిన దానిలో చాలా భాగం తప్పిపోతున్నది. టోలు పెంచడం దీనికి మందు కాదు. వంతెన పరిశీలనకు, పర్యవేక్షణకు, అవసరమైతే తాత్కాలిక ఊతాలకు అయ్యే నిజమైన ఖర్చును విడిగా, ముందుగా, సరకు యజమాని నుంచి వసూలు చేయడమే సమంజసం.

లెక్కలోకి రాని ఖర్చు ఎటువంటిదో తెలుసుకోవడానికి సరిహద్దు దాటి చూడవలసి ఉంది. త్రిపురలోని పాలాటానాలో 726 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రానికి భారీ యంత్రాలు చేర్చడం అస్సాం, మేఘాలయ కొండదారుల మీదుగా దుస్సాధ్యమయింది. 2010లో కుదిరిన అవగాహన మేరకు బంగ్లాదేశ్ తన ఆశుగంజ్ నదీరేవు నుంచి అఖావురా మీదుగా అగర్తలాకు దారి ఇచ్చింది. ప్రత్యేక ట్రాన్సిట్ రుసుము వసూలు చేయలేదు. కాని దారిలోని వంతెనలు అంత బరువు మోయలేవు గనుక నదీ పాయలకు అడ్డంగా మట్టికట్టలు వేసి ట్రెయిలర్లను దాటించారు. ఋత్విక్ ఘటక్ చలనచిత్రం ద్వారా మన దేశంలోనూ పేరెన్నికగన్న తితాస్ నది వాటిలో ఒకటి. నీటి ప్రవాహం ఆగి చేపల వేట, పడవల రాకపోకలు దెబ్బతిన్నాయని అక్కడ తీవ్ర నిరసన వ్యక్తమయింది. తర్వాత కట్టను తొలగించారు. 2013 జూన్‌లో విద్యుత్ కేంద్రం ప్రారంభమయింది. 2016 నుంచి త్రిపుర మీదుగా బంగ్లాదేశ్‌కు 100 మెగావాట్ల విద్యుత్తు సరఫరా అయింది కూడా. ఉభయ దేశాలకూ మేలు జరిగిన పథకమే ఇది. అయినప్పటికీ రవాణా బిల్లులో తితాస్ జాలరి పద్దు ఎక్కడా లేదు. మట్టికట్టకు బదులు తాత్కాలిక ఉక్కు వంతెన వేసి ఉంటే ఎంత ఖర్చయ్యేదో, కిరాయి మీద అది ఎంత పడేదో ముందే తేల్చి ఉంటే నిర్ణయం వేరుగా ఉండేదేమో.

ఇక కిరాయిలను ప్రభుత్వం నిర్ణయించవచ్చునా? చట్టరీత్యా అభ్యంతరం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ సరకు వాహనాల కిరాయిల గరిష్ఠ, కనిష్ఠ పరిమితులను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. కాని భారీ సరకుకు గవర్నమెంటు రేటు ప్రకటించడం వల్ల ఒరిగేది స్వల్పం. ఏ రెండు ప్రయాణాలూ ఒకటి కావు. లారీ యూనియన్లే రేటు నిర్ణయించే పద్ధతి దుష్ఫలితాలు చూసి పంజాబ్ ప్రభుత్వం 2017లో కూటముల నిషేధానికి ప్రత్యేక నియమాలు తెచ్చింది. మార్కెట్టుకు పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో పైన చూశాం. కావలసినది నిర్ణీత రేటు కాదు, నిర్ణీత రూపంలో ఉన్న ఒప్పందం.

ఆ ఒప్పందంలో కిరాయిని కనీసం రెండు ముక్కలుగా విడదీయాలి. కదలికకు ఒక రేటు, నిలకడకు మరొక రేటు. కదలిక రేటు డీజిలు ధరను అనుసరించి మారాలి. 2014 అక్టోబరులో డీజిలుపై ధరల నియంత్రణ ఎత్తివేశారు; 2017 జూన్ నుంచి ధర ఏ రోజుకారోజు మారడం మొదలయింది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వాడే రాగి, ఉక్కు ధరలు పెరిగితే తయారీదారుకు అదనంగా చెల్లించే సూత్రం పరిశ్రమలో చిరకాలంగా అమలులో ఉంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను మోసుకుపోయేవాడి డీజిలుకు మాత్రం చాలా ఒప్పందాలలో ఆ సూత్రం వర్తించదు. దీనికి సమాధానం చెప్పగలిగిన అధికారి ఎవరో తెలియదు.

నిలకడ రేటు విషయంలో మెలిక ఉంది. ఆగినందుకు డబ్బు ఇస్తామంటే రవాణాదారు కావాలనే ఆగడా అని సరకు యజమానులు అడుగుతారు. ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. అందుకే హాల్టింగ్ ఛార్జీ అసలు ఖర్చుకు మించరాదు, లాభం అందులో కలపరాదు. ఆగితే నష్టం లేదు గాని కదిలితేనే లాభం అన్న పరిస్థితి ఉంటే ఎవడూ ఊరకే ఆగడు. వాహనం మరమ్మతు వల్ల, సిబ్బంది లేమి వల్ల ఆగిన రోజులు రవాణాదారు ఖాతాలోనివి. అనుమతి రాకపోవడం, సబ్‌స్టేషన్‌లో పునాది సిద్ధం కాకపోవడం వంటివి సరకు యజమాని ఖాతాలోనివి. తుపాను, కర్ఫ్యూ వంటివి చెరిసగం. ఉపగ్రహ సంకేతాలతో వాహనం ఎక్కడ ఎన్ని గంటలు నిలిచిందో తెలుసుకోగల ఈ రోజుల్లో ఈ లెక్క తేల్చడం దుర్లభమేమీ కాదు.

అనుమతుల బాధ్యత కూడా చేతులు మారాలి. జాతీయ రహదారులపై భారీ వాహనాల అనుమతికి కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పద్ధతి ప్రవేశపెట్టింది. అయితే రాష్ట్ర రహదారులకు ఆయా రోడ్లు భవనాల శాఖలు, తీగలకు విద్యుత్ పంపిణీ సంస్థలు, లెవెల్ క్రాసింగులకు రైల్వేలు వేర్వేరు. నాలుగు రాష్ట్రాలు దాటే సరకుకు ఇన్ని కార్యాలయాల చుట్టూ తిరిగేది ఆరేడు ట్రెయిలర్లున్న ఒక ప్రైవేటు యజమాని. అతడికి కార్యాలయాలలో పలుకుబడి లేదు. ఉన్నదల్లా ‘ఖర్చు’ పెట్టే శక్తి. అదీ కిరాయిలోకే చేరుతుంది, పేరు లేకుండా. దారి సర్వే చేయించి, అనుమతులు చేతికి వచ్చిన తర్వాతనే టెండరు పిలిచే బాధ్యత సరకు యజమానిపై ఉంచితే, అందరూ ఒకే దారికి, ఒకే షరతులకు ధర చెబుతారు. అప్పుడు తక్కువ ధర చెప్పినవాడు నిజంగా పొదుపుగా పని చేయగలవాడే అయి ఉంటాడు. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు జరిమానా రూ. 20 వేలు, పైన టన్నుకు రూ. 2 వేలు. లక్షలలో సాగే భారీ సరకు వ్యాపారంలో ఆ జరిమానా కన్నా ఈ మార్పే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

కొత్త రేట్ల వల్ల పథకాల వ్యయం పెరుగుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే. కాని ఈ వ్యయం కొత్తది కాదు. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. వారిలో అందరికన్నా అడుగున ఉన్నది ట్రెయిలర్ సిబ్బంది. రాజస్థాన్ ఎడారులలో, కర్నూలు, అనంతపురం మెట్టభూములలో సౌర, పవన విద్యుత్ కేంద్రాలు విస్తరిస్తున్న కొద్దీ 765 కిలోవోల్టుల సబ్‌స్టేషన్లకు పోయే ట్రాన్స్‌ఫార్మర్ల రద్దీ పెరుగుతున్నది. వాహనం కదిలిన రోజులకే బత్తా ఇచ్చే యజమానులు ఉన్నారు. ఆగిన రోజులకు సగం ఇచ్చేవారూ ఉన్నారు. హాల్టింగ్ ఛార్జీ ఒప్పందంలోకి వచ్చినంత మాత్రాన అది డ్రైవరు, క్లీనరు చేతికి చేరుతుందన్న హామీ లేదు. ఆ సొమ్ములో సిబ్బంది బత్తా ఎంతో ఒప్పందపత్రంలోనే విడిగా రాసి, అది చెల్లించిన రసీదు చూపితేనే తుది బిల్లు మంజూరు చేసే నిబంధనను ముందుగా ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థలు తమ టెండర్లలో చేర్చవచ్చు. అందుకు కొత్త చట్టం అవసరం లేదు.